బొబ్బట్టు దాటిన గడప

పెళ్ళయిన పదకొండో రోజున కిరణ్మయి చందానగర్ మార్కెట్టుకు ఉల్లిపాయల కోసం వెళ్ళి, కౌజు పిట్టతో తిరిగొచ్చింది.

తప్పు ఆమెది కాదు. కోడిమాంసం కొట్టు ముందు ఇనప బోనులో పాతిక పిట్టలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉంటే, ఒక్కటి మాత్రం మూలకు జరిగి, మెడ వంచి, ఆమెనే చూసింది. "చూసిందట" అంటాడు భర్త గిరీష్. "చూసింది" అంటుంది కిరణ్మయి. కొట్టతను కత్తి అందుకుంటూ "కొట్టియ్యాల్నా మేడం?" అని అడిగాడు. "అయ్యో, వద్దండీ! ఇలాగే ఇచ్చేయండి" అంది. అతను ఆమె మెడలో పసుపు ఇంకా వెలవని తాడునూ, పక్కన ఉల్లిపాయల సంచీతో నిలబడ్డ కొత్త పెళ్ళికొడుకునూ చూసి, అంతా అర్థమైనట్టు నవ్వి, పిట్టను చిల్లుల అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు.

అరచేతిలో ఇమిడేంత గుండ్రటి ఒళ్ళు, పెనం మీద అక్కడక్కడా మాడినట్టు గోధుమరంగు మచ్చలు. "బొబ్బట్టులా లేదూ!" అంది కిరణ్మయి ఇంటికి రాగానే.

"మా తాడిపత్రిలో దాన్ని ఓళిగ అంటారు" అన్నాడు గిరీష్.

ఈ వాదన రెండు రోజులు నడిచింది. గింజలు వేసేది తనే కాబట్టి కిరణ్మయి గెలిచింది, పిట్ట పేరు బొబ్బట్టు అయింది. గిరీష్‌కి పిట్టను ముట్టుకోవాలంటే ఒళ్ళు జలదరించేది. ఆరేళ్ళప్పుడు మేనత్త ఇంటి పుంజు అతన్ని వీధి చివరిదాకా తరిమిందట. "ఇంట్లో చోటిస్తా, గింజలు కొనుక్కొస్తా, కావాలంటే పాట కూడా పాడతా. తాకమని మాత్రం అడగొద్దు" అన్నాడు.

ఆ రోజుల్లో కిరణ్మయికి ప్రతీదీ సంబరంగానే ఉండేది. రెండు పళ్ళబ్రష్షులు ఒకే గ్లాసులో ఉండటం, పొద్దున్నే చందానగర్ స్టేషన్లో ఇద్దరూ కలిసి ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగడం, మాదాపూర్‌లో తలో ఆఫీసుకు విడిపోతూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకోవడం, సాయంత్రం తలుపు తీయగానే లోపల్నుంచి "ట్రుర్... ట్రుర్..." అని బొబ్బట్టు పలకరించడం. కొత్త కోడలు తల బోసిగా ఉండకూడదని వాళ్ళమ్మ వీరలక్ష్మి చెప్పింది కాబట్టి రోజూ మూర మల్లెపూలు కొనుక్కునేది. వాడిపోయాక ఆ దండను బొబ్బట్టు బుట్టలో వేసేది. అది ఒక్కొక్క పువ్వునే ముక్కుతో లాగి విసిరికొడుతుంటే చూడటం ఇంకో సంబరం.

ఆఫీసులో కిరణ్మయి పని, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. వందమంది కళ్ళుగప్పిన తప్పు కూడా ఆమె కంటబడేది. పూలు రాలిపోయాక బుట్టలో మిగిలిపోయే దారం మాత్రం కంటబడలేదు.

ఒక మంగళవారం సాయంత్రం తలుపు తీస్తే పలకరింపు లేదు. బొబ్బట్టు పక్కకి ఒరిగి పడి ఉంది. తెల్ల నూలు దారం కుడికాలి వేళ్ళ చుట్టూ పది చుట్లు తిరిగి, మాంసంలోకి దిగిపోయింది. పాదం వాచి నేరేడుపండు రంగుకు వచ్చింది. విడిపించుకోవాలని ఎంత పెనుగులాడిందో, కాలి కీలు కూడా మడతపడి ఉంది. కిరణ్మయి గోళ్ళు తీసే కత్తెరతో ఒక్కొక్క చుట్టే కత్తిరించింది. కత్తిరిస్తూ ఏడ్చింది.

"ఎక్కడిదీ దారం? గింజల సంచీదా?" అన్నాడు గిరీష్.

ఆమె తెగిన దారం ముక్కల్ని గుప్పిట్లో మూసేసింది. గిరీష్ అదే అయి ఉంటుందనుకున్నాడు. ఆమె అనుకోనిచ్చింది.

పశువుల డాక్టరు యశస్విని పాదాన్ని భూతద్దంలో చూసి, కీలుకు మెత్తటి కట్టు కట్టింది. "బయటి వేలికి రక్తం ఆగిపోయింది. అది పోవచ్చు. మిగతా పాదం దక్కాలంటే రెండు వారాలు కదలకుండా చిన్న పెట్టెలో ఉండాలి. పొద్దునా సాయంత్రం మూడేసి చుక్కలు మందు, వేళ్ళకి లేపనం. భయపడితే ఇవి నిట్టనిలువునా ఎగురుతాయి. పెట్టె పైకప్పుకి మెత్తటి గుడ్డ కట్టండి. అన్నిటికంటే ముఖ్యం, తిండి. తిన్నంతకాలం బెంగ లేదు. తినడం మానేస్తే మాత్రం ఇంత చిన్న ప్రాణం మూడు రోజులు కూడా ఆగదు" అంది.

రెండు వారాలు! కిరణ్మయి వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఆషాఢం శుక్రవారమే మొదలు.

కొత్త కోడలు ఆషాఢంలో అత్తవారి గడప తొక్కకూడదు. అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు. ఆ నెలంతా పుట్టింట్లో ఉండాలి. తాడిపత్రి నుంచి అత్తగారు ఈశ్వరమ్మ ఫోన్‌లో ఒకసారీ, లింగంపల్లి నుంచి వీరలక్ష్మి రోజుకి రెండుసార్లూ ఇదే చెప్పారు. ఇందులో నవ్వు తెప్పించే సంగతేమిటంటే, తణుకు నుంచి పదిహేనేళ్ళ క్రితం వచ్చి స్థిరపడిన కిరణ్మయి పుట్టిల్లు ఉన్నది లింగంపల్లిలో. చందానగర్ తర్వాతి స్టేషన్. రైలు ఎక్కి కూర్చునేలోపు దిగాలి.

"ఈ మాత్రం దూరానికి ఎడబాటు ఏమిటమ్మా?" అంది కిరణ్మయి.

"దూరం లెక్క కాదే, గడప లెక్క. ఆ ఫ్లాటు గడప లోపల అడుగు పెట్టనని నా చేతిలో చెయ్యేసి చెప్పు" అంది వీరలక్ష్మి. "మీ ఇద్దరి మంచికే. నవ్వకు."

చెయ్యేసి చెప్పింది. ప్రయాణం చేయిస్తే కట్టు జారిపోతుందని డాక్టరు అనడంతో పిట్ట ఇక్కడే ఉండాలి. గురువారం సాయంత్రం బట్టల సంచీ సర్దుకుంటూ, ముట్టుకోవడానికే భయపడే మొగుడికి ఇరవై ఒక్క సూచనలు కాగితం మీద రాసి ఇచ్చింది. అందులో ఏడోది: అడుగున పరిచే పేపరు రోజూ మార్చాలి. పంతొమ్మిదోది: రోజూ పొద్దున్న ఫోటో పంపాలి.

మొదటి మూడు రోజులూ బాగానే గడిచాయి. శనాదివారాలు ఫోటోలతో సరిపోయింది. సోమవారం ఆమె లింగంపల్లిలో రైలెక్కితే అతను చందానగర్‌లో ఎక్కాడు. కంపార్టుమెంటు తలుపు దగ్గర, జనం మోచేతుల మధ్య నిలబడి, జేబులోంచి చిన్న జిప్ కవరు తీసి చూపించాడు. "రెట్ట. రంగు చూసుకో. పద్నాలుగో సూచన." ఆమె దాన్ని వెలుతురుకు పెట్టి పరీక్షగా చూసి, "చాలా బాగుంది" అని మురిసిపోయింది. పక్కనున్న పెద్దాయన రెండడుగులు దూరం జరిగాడు.

మంగళవారం పొద్దున ఫోటో వచ్చింది. కింద సందేశం: "అంతా ఓకే. ఈరోజు ఇంటి నుంచే పని."

కిరణ్మయి లింగంపల్లి ప్లాట్‌ఫామ్ మీద నిలబడి ఫోటోను పెద్దది చేసి చూసింది. బొబ్బట్టు కింద పరిచిన పేపర్లో విల్లాల ప్రకటన. నీలిరంగు ఈతకొలను. సరిగ్గా ఆ కొలను మధ్యలో ఒక రెట్ట. నిన్న వచ్చిన ఫోటో తెరిచింది. అదే విల్లా, అదే కొలను, అదే రెట్ట. ఇది నిన్నటి ఫోటోనే!

చందానగర్‌లో దిగిపోయింది. మెట్లెక్కి మూడో అంతస్తుకు వచ్చి తలుపు కొట్టింది. తలుపు తీసిన గిరీష్ మొహం చూడగానే కోపం సగం కరిగిపోయింది.

"ఎప్పటినుంచి తినట్లేదు?" అంది గడప బయటే నిలబడి.

"నిన్న పొద్దున నుంచి. రైల్లో నీకు చూపించింది మొన్నటిది." అతను తల దించుకున్నాడు. "మందు కూడా నీళ్ళలో కలిపి పెట్టినా. తాగల్యా. పట్టుకుని పోయల్లంటే భయమైతాంది."

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"చెప్తే లోపలికి వచ్చేస్తావు కదా. మీ అమ్మకు మాటిచ్చినావు."

కిరణ్మయి గడప వంక చూసింది. వెళ్ళేముందు తను పెట్టిన పసుపు కుంకుమలు చెదిరి ఉన్నాయి. ఒక్క అడుగు. ఎవరూ చూడరు. కానీ చెయ్యేసి చెప్పింది. "పెట్టె ఇక్కడికి తీసుకురా" అంది. అని, నడవాలో గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

గిరీష్ పెట్టెను గడప లోపల పెట్టాడు. బొబ్బట్టు కళ్ళు సగం మూసుకుని ఉంది. ఈకలు ఉబ్బి, మెడ లోపలికి ముడుచుకుపోయింది. బయటి వేలు బొగ్గులా నల్లబడింది.

"నేను మందు పోస్తాను. నువ్వు పట్టుకో."

"కిరణ్, నావల్ల..."

"నాకు రెండు చేతులే ఉన్నాయి. ఒకటి తల పట్టుకోవాలి, ఒకటి మందు పొయ్యాలి. మూడో చెయ్యి నీదే."

అతను కళ్ళు గట్టిగా మూసుకుని, కాగుతున్న గిన్నెను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. "దీని గుండె నా అరచేతిలో కొట్టుకుంటాంది" అన్నాడు చిన్నగా. "ఎంత జోరుగా!"

మూడు చుక్కలు లోపలికి పోయాయి. గింజల వైపు మాత్రం బొబ్బట్టు చూడలేదు. డాక్టరుకి ఫోన్ చేస్తే, "రేపు సాయంత్రంలోపు ముక్కు కదిలించాలి. లేదంటే నేను మాట ఇవ్వలేను" అంది. కిరణ్మయి లాప్‌టాప్ తెరిచి నడవాలోనే ఆఫీసు మీటింగుకు కూర్చుంది. మెట్లు తుడవడానికొచ్చిన వాచ్‌మన్ యాదయ్య చీపురు పట్టుకుని ఆగిపోయాడు.

"ఏందమ్మా, సారు గిట్ల బైట కూసోబెట్టిండు? జగడమైందా?"

"లేదు యాదయ్యా. ఆషాఢం."

"మరి ఇంట్లకెల్లి పిట్ట చూస్తుంది?"

"దానికి ఒంట్లో బాగోలేదు."

యాదయ్య ఆలోచించాడు. "మా దిక్కు ఆషాఢం వస్తే పెండ్లాం అవ్వగారింటికి పోతది. మీరు జర నడవా దాకా పోయిన్రు. ఫికర్ చెయ్యకున్రి, నేను ఇటు తర్వాత తుడుస్త" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న కిరణ్మయి గబగబా మెట్లెక్కేసరికి తలుపు తెరిచే ఉంది. గుమ్మం పక్కన ఎవరివో ఆడవాళ్ళ చెప్పులు. గడప లోపల పెట్టె ఖాళీ. వంటింట్లోంచి వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిర్చి వేగుతున్న ఘాటు.

కిరణ్మయి గుర్తుపట్టింది. ఆ చెప్పులు అత్తగారివి. పెళ్ళిచూపుల నాడే గిరీష్ మేనత్త ఈశ్వరమ్మ గురించి మొట్టమొదట చెప్పిన మాట: "కౌజు పిట్టల వేపుడు చేయడంలో మా వదినను మించినోళ్ళు ల్యారు."

"అత్తయ్యా!" అని అరిచింది. "బొబ్బట్టు ఏదండీ?"

"యాల అట్ల అరుస్తావు? బెదురుతాది" అంటూ ఈశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చింది. చీరకొంగు దోపి కట్టిన ఒడిలోంచి ఒక చిన్న ముక్కు బయటికి కనిపిస్తోంది. "పొయ్యి మీద గుత్తొంకాయ పెట్టినా. నీ పిట్టను కాదులే. నీరసించిన పిట్టను ఎవురన్నా వండుతారా?"

కిరణ్మయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వెనకనుంచి గిరీష్, "నేనే రమ్మన్నా. పొద్దున్నే దిగింది" అన్నాడు.

"వచ్చి మంచి పని చేసినా. వీడు దీనికి ఫ్యాన్ కింద పాలరాతి గచ్చు మీద కాపురం పెట్టినాడు" అంది ఈశ్వరమ్మ. "మా నాయన చేన్లో జొన్న కోసినప్పుడు పూరేడు పిల్లలు, ఇట్లాంటి పిట్టలే, దొరికేవి. కాళ్ళు విరిగినవి, రెక్కలు తెగినవి. నేనే సాకేదాన్ని. పిట్టకు మందు ఒక్కటే కాదు మ్మా, మన్ను కావల్ల. మన్నులో పొర్లాడకపోతే దానికి ఒళ్ళంతా బరువు. తిండి మీదికి మనసు పోదు."

ఆమె లోపల్నుంచి వెడల్పాటి పళ్ళెం తెచ్చి గడపకు అవతల, తన వైపు పెట్టింది. నిండా మెత్తగా జల్లించిన మట్టి, కొంచెం బూడిద. తాడిపత్రి నుంచి చీరల మధ్య పెట్టుకుని తెచ్చిందట. పాదానికి, కట్టుకు కలిపి శుభ్రమైన గుడ్డ చుట్టి, బొబ్బట్టును మట్టిలో దించింది. తనూ కూర్చుంది. గడపకు అటు అత్త, ఇటు కోడలు. మధ్యలో జానెడెత్తు కూడా లేని కొయ్య.

బొబ్బట్టు కాసేపు కదల్లేదు. తర్వాత ఒక రెక్క నెమ్మదిగా విచ్చుకుంది. మట్టిని ఒక్కసారి ఎగజిమ్మింది. ఇంకోసారి. పక్కకి వాలి, మెడ సాచి, పళ్ళెమంతా దుమారం లేపింది. ఈశ్వరమ్మ జడ మీద, కిరణ్మయి ఆఫీసు దుస్తుల మీద సన్నటి ధూళి పడింది. ఇద్దరిలో ఎవరూ దులుపుకోలేదు.

ఈశ్వరమ్మ నానబెట్టిన కొర్రలు అరచేతిలో పెట్టి దాని ముందు చాచింది. బొబ్బట్టు చూసింది. ఒక గింజ. ఆగి, ఇంకో గింజ.

"తింటోంది! అత్తయ్యా, తింటోందండీ!"

"కనపడతాంది. మెల్లగా."

అప్పుడు, ఆ సంతోషంలోనే, కిరణ్మయికి లోపల దాచుకున్నది బయటపడింది. "అది గింజల సంచీ దారం కాదండీ. నా పూల దండ దారం. ఆడుకుంటుందని నేనే వేశాను. ఈయనకి కూడా చెప్పలేదు" అంది. చెప్పి, గడప వైపు చూస్తూ కూర్చుంది.

గిరీష్ వచ్చి అమ్మ వెనక నిలబడ్డాడు. "అందుకేనా ఈ వారమంతా తలలో పూలు పెట్టుకోలేదు? నేనేదో ఆషాఢం నియమం అనుకున్నా" అన్నాడు.

ఈశ్వరమ్మ లేచి లోపలికి వెళ్ళింది. కోపం వచ్చిందనుకుంది కిరణ్మయి. తిరిగొచ్చేటప్పుడు చేతిలో తడిగుడ్డ చుట్టిన పొట్లం ఉంది. విప్పితే మల్లెమొగ్గలు, కనకాంబరాలు కలిపి కట్టిన దండ. దారంతో కాదు, అరటినారతో.

"మా పెరట్లోవి. నీకని కట్టుకొచ్చినా. నార చూడు" అంటూ చివర పట్టి చిన్నగా లాగింది. పుటుక్కున తెగింది. "దారం తెగదు, బిగుస్తాది. నార అట్ల కాదు, లాగితే వదిలేస్తాది. ఇక మీదట నీ పిట్టకు కావల్లంటే ఇట్లాంటిది వెయ్యి. అదీ పక్కన కూచుని వెయ్యి. ముందు తల ఇటు తిప్పు."

కిరణ్మయి గడప మీదుగా తల వంచింది. అత్తగారు గడప అవతల నుంచే పూలు తురిమింది.

ఆ తర్వాత పది రోజులూ అదే వరస. పొద్దున రైలు దిగి కిరణ్మయి నడవాలో కూర్చునేది. గిరీష్ పిట్టను పట్టుకునేవాడు. ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచే. ఈశ్వరమ్మ లేపనం రాసేది, కిరణ్మయి మందు పోసేది. పనయ్యాక ఇంత ఉప్మానో పొంగలో గడప మీదుగా చేతులు మారేది. "గడప దాటలేదుగా?" అని వీరలక్ష్మి రోజూ అడిగేది. "నా ఒట్టు, కాలి గోరు కూడా దాటలేదమ్మా" అనేది కిరణ్మయి. మూడో రోజుకి వీరలక్ష్మి కూడా ఓడిపోయి, వియ్యపురాలికి పులిహోర డబ్బా పంపింది.

నల్లబడిన వేలు ఎండి, ఒక రోజు నొప్పీ నెత్తురూ లేకుండా మట్టి పళ్ళెంలో రాలిపోయింది. డాక్టరు చూసి, "మిగతాది దక్కింది" అంది. కట్టు విప్పింది. "కానీ ఆ కాలు మోపుతుందో లేదో అదే చెప్పాలి. బలవంతం చేయకండి."

అది చెప్పలేదు. నాలుగు రోజులపాటు కుడికాలు పొట్టలోకి ముడుచుకుని ఒంటికాలి మీదే నిలబడింది. గిరీష్ బతిమాలాడు. ఈశ్వరమ్మ కొర్రలు దూరంగా చల్లి ఆశపెట్టింది. అది ఒంటికాలితో గెంతుకుంటూ పోయి తినేసి, మళ్ళీ నిలబడింది. "కుంటిదైనా మన ఇంట్లోనే ఉంటుంది కదా" అంది కిరణ్మయి. అన్నదే గానీ రైల్లో మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

శుక్రవారం వచ్చింది. కిరణ్మయి మెట్లెక్కేసరికి ఈశ్వరమ్మ గడపకు పసుపు రాసి, కుంకుమ బొట్ల కోసం లోపలికి వెళ్ళింది. పసుపు ఇంకా తడిగా మెరుస్తోంది. గదిలో, పెట్టె మూత తెరిచే ఉంది. బొబ్బట్టు గచ్చు మీద ఒంటికాలితో నిలబడి ఉంది.

"బొబ్బట్టూ" అంది కిరణ్మయి, అలవాటుగా నడవాలో కూర్చుంటూ.

అది మెడ వంచింది. మార్కెట్లో బోను మూలనుంచి చూసినట్టే చూసింది. "ట్రుర్" అంది. కుడికాలు పొట్టలోంచి కిందికి దిగింది. నేలను తాకి వెనక్కి పోయింది. మళ్ళీ దిగింది. ఈసారి ఆగింది.

ఒక అడుగు. తూలింది. ఇంకో అడుగు. లోపల్నుంచి గిరీష్ ఏదో అనబోతే ఈశ్వరమ్మ కుంకుమ చేత్తోనే వాడి నోరు మూసింది. బొబ్బట్టు గడప దగ్గరికొచ్చి, తన ఎత్తుకు అది కొండే కాబట్టి, కాసేపు ఆలోచించింది. రెండు కాళ్ళూ కలిపి ఒక్క గెంతు గెంతింది. తడి పసుపు మీద నిలబడి, రెక్కలు ఒకసారి విదిల్చి, ఇవతలికి దూకి, గచ్చు మీద నడుచుకుంటూ వచ్చి కిరణ్మయి ఒళ్ళోకి ఎక్కింది.

"అత్తా కోడళ్ళం దాటగూడదు" అంది ఈశ్వరమ్మ. "పిట్టకేం ఆషాఢం!"

గిరీష్ ముక్కు మీద కుంకుమతో నిలబడి నవ్వుతున్నాడు. నడవా చివర యాదయ్య బకెట్టు, తడిగుడ్డ పట్టుకుని వచ్చాడు.

"ఏందిది, ఇక్కడంత పసుపు? జర లేవున్రి, తుడుస్త."

కిరణ్మయి వంగి చూసింది. గడప దగ్గర్నుంచి తన ఒడి దాకా చిన్న చిన్న పసుపు అడుగులు. ఎడమ అడుగుకు మూడు గీతలు, కుడి అడుగుకు రెండు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఒక్కటి కూడా తప్పలేదు.

"వద్దు యాదయ్యా" అంది. "శ్రావణం దాకా ఉండనీ. నేను లోపలికి వెళ్ళేటప్పుడు వీటి పక్కనుంచే వెళ్తాను."